ఫాదర్ గారిని సాగనంపే రోజు: హాస్టలు పిల్లలకు ఉత్తరం

హాస్టలు పిల్లలందరికీ, గుడిలో మతబోధ చేసే మీ ఉపదేశి తాత దీవెనలు.

ఫాదర్ గారి భూస్థాపన ఎల్లుండి పొద్దున్న పది గంటలకని బిషప్ గారి ఆఫీసు నుంచి కబురొచ్చింది. చిన్న గుంటలు ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నారు, పెద్దలు "తర్వాత చెప్తాం, పోండి" అని పంపేస్తున్నారు. తర్వాత చెప్తామంటే చెప్పమనే. తొమ్మిదీ పదీ తరగతుల వాళ్లు చిన్నవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని ఇది నిదానంగా చదివి వినిపించండి. ఎల్లుండి మిమ్మల్ని ఎవరో వరసలో నిలబెడితే నిలబడే పిల్లల్లా ఉండకూడదు మీరు. ఇంటివాళ్లు మీరే. ఏం జరుగుతోందో తెలిసి నిలబడాలి.

ముందు ఆ అద్దాల పెట్టె సంగతి. వారి అన్నదమ్ములు కేరళ నుంచి రైల్లో రావాలంటే ఒక రోజు పైనే పడుతుంది. అందాకా శరీరం చెడకుండా ఫ్రీజర్ పెట్టె తెచ్చారు. అద్దానికి చెమ్మ పడుతోంది కదా, "ఫాదర్ గారు ఊపిరి తీస్తున్నారు" అని ఒక పాప అందట. కాదమ్మా. లోపల చల్లదనం, బయట ఉక్క, అందుకని అద్దం పైన నీళ్లు పడతాయి. పొడిగుడ్డతో తుడిస్తే చాలు, మూత ఎత్తొద్దు. ఎత్తిన ప్రతిసారీ వేడిగాలి చొరబడుతుంది, మళ్లీ చల్లబడడానికి చాలాసేపు పడుతుంది. కరెంటు పోయినా కంగారు పడకండి, మూత కదపకపోతే జనరేటరు అందుకునేదాకా చల్లదనం నిలుస్తుంది. ఒక్క మాట మాత్రం పెద్దబ్బాయిలు గుర్తుపెట్టుకోవాలి. మైకు, ఫ్యాన్లు, సీరియల్ లైట్లు, ఫ్రీజరు అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెడితే ఫ్యూజు ఎగిరిపోతుంది. ఫ్రీజరుకి వేరే లైను ఉండాలి. దాని కిందికి వదిలిన పైపు దగ్గర బకెట్టు పెట్టి, నిండకముందే మార్చండి.

ముక్కులో దూది ఎందుకు, గడ్డం కింద గుడ్డ ఎందుకు కట్టారు అని అడిగారు. ప్రాణం పోగానే కండరాలన్నీ వదులైపోతాయి, నోరు తెరుచుకుంటుంది. కొన్ని గంటలకి అలాగే బిగుసుకుపోతుంది. అందుకే బిగుసుకోకముందే గడ్డానికి గుడ్డ కడతారు, కాలి బొటనవేళ్లు కలిపి కడతారు. లోపలి నీరు బయటికి రాకుండా దూది పెడతారు. చెయ్యి ముట్టుకుంటే చల్లగా, గట్టిగా ఉంటుంది. ముట్టుకోవాలనుంటే ముట్టుకోండి, వద్దనుకుంటే దూరం నుంచే దండం పెట్టండి. ఎవరైనా బలవంతంగా చెయ్యి పట్టుకుని తీసుకెళ్తే "నాకు వద్దు" అనండి, తప్పు లేదు.

వారికి వేసిన బట్టలు చూశారుగా. లోపల తెల్లని పొడుగు అంగీ, మెడలో స్టోలు అనే పొడుగాటి పట్టీ, ఆ పైన పూజా వస్త్రం. రోజూ పూజ చేసేటప్పుడు వేసుకునేవే. గురువుని, అంటే ఫాదర్‌ని, ఆ బట్టలతోనే సాగనంపుతాం.

రేపు రాత్రి జాగరణ. జపమాల, పాటలు, వాక్యాలు ఉంటాయి. ఏడో తరగతి లోపు వాళ్లు తొమ్మిదికల్లా పడుకోవాలి, ఇది నేనూ వార్డెన్ సిస్టరూ కలిసి అనుకున్నదే. శవం లేచేదాకా పొయ్యి వెలిగించకూడదని మన ఊళ్లలో ఒక ఆచారం ఉంది. అది తిరుసభ, అంటే కథోలిక సంఘం, పెట్టిన నియమం కాదు. ఎల్లుండి ఏడున్నరకి ఉప్మా ఉంటుంది, అందరూ తినాలి, గ్లాసుడు నీళ్లు తాగాలి. ఇలాంటి రోజుల్లో పిల్లలు పడిపోయేది దుఃఖంతో కాదు, ఖాళీ కడుపుతో ఎండలో నిలబడి.

ఇక గుడిలో జరిగేది. చావు గంట ఒక్కో దెబ్బ ఆగి ఆగి మోగుతుంది. మామూలుగా విశ్వాసుల శవపేటికను కాళ్లు పీఠం (పూజ చేసే బల్ల) వైపు ఉండేలా పెడతారు. బతికున్నప్పుడు పీఠానికి ఎదురుగా నిలబడి ప్రార్థించారు కాబట్టి. గురువుదైతే తిరగేసి, తల పీఠం వైపు, ముఖం మీ వైపు. పూజలో మీకు ఎదురుగా నిలబడేవారు కదా, అలాగే ఉంచుతారు. పెట్టె మోసేవాళ్లు కొత్తవాళ్లైతే అలవాటుకొద్దీ గుమ్మంలోనే పొరపాటు చేస్తారు. ఇరుకులో మళ్లీ తిప్పడం కష్టం. అందుకే పెట్టె తల వైపు చాక్‌పీసుతో గుర్తు పెట్టిస్తున్నాను. పక్కనే పాస్కా కొవ్వొత్తి వెలుగుతుంది. ఈస్టరు ముందు రాత్రి వెలిగించేది అదే, జ్ఞానస్నానాలప్పుడూ (బాప్తిస్మాలప్పుడూ) అదే వెలిగిస్తారు.

బిషప్ గారు పూజ నడిపిస్తారు, మేత్రాసనంలోని, అంటే ఆయన కింద ఉండే ప్రాంతంలోని, గురువులు చాలామంది వస్తారు. మన శ్రీకాకుళం మేత్రాసనం 1993లో విశాఖపట్నం నుంచి విడిపడి ఏర్పడింది, విజయనగరం వైపు ఊళ్లు కూడా ఇందులోకి వస్తాయి. అటు సాలూరు నుంచి కూడా బస్సులు కట్టుకుని వస్తారు, అంచేత గుడి నిండిపోతుంది. మీకు కుడివైపు ముందు నాలుగు వరసలు కేటాయించాం. ఎవరైనా పెద్దమనిషి వచ్చి లేవమంటే లేవకండి, నన్ను పిలవండి. పెద్దమనుషులకి కుర్చీలు బయట షామియానా కింద వేయించాం, మంచి గాలి కూడా వస్తుంది.

దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే పవిత్రమైన అప్పం) వేళ మీలో కొందరికి ఇబ్బంది అనిపించొచ్చు. జ్ఞానస్నానం తీసుకుని మొదటి సత్ప్రసాదం అందుకున్న కథోలికులు వరసలో వెళ్తారు. మిగతావాళ్లు కూర్చునే ఉండొచ్చు, లేదా చేతులు గుండె మీద కట్టుకుని వెళ్తే ఆశీర్వాదం ఇస్తారు. మీలో సగం మంది హిందువుల పిల్లలే. ఫాదర్ గారు అన్నం పెట్టేటప్పుడు ఎవర్నీ మతం అడగలేదు.

పీఠం దగ్గర సేవ చేసే అబ్బాయిలకు ప్రత్యేకం. ధూపపాత్రలో బొగ్గులు చివరి ప్రార్థనకి పది నిమిషాల ముందే అంటించాలి. పైన తెల్లటి బూడిద పట్టాక గానీ సాంబ్రాణి వేయకూడదు. నల్లగా ఉన్నప్పుడే వేస్తే కమురు వాసన, కళ్ల మంట. ఒకేసారి గుప్పెడు వేస్తే బొగ్గు ఆరిపోతుంది, చిన్న చెంచాడు చాలు. గొలుసు మెలిపడకుండా మూత ఉంగరం కుడిచేత్తో పట్టుకోండి. బిషప్ గారు పెట్టె చుట్టూ తిరుగుతూ ముందు తీర్థజలం చల్లుతారు, అది జ్ఞానస్నానానికి గుర్తు. తర్వాత ధూపం వేస్తారు. ఈ శరీరం పవిత్రాత్మకి ఆలయంగా ఉండేదని ఆ గౌరవం.

దానికి ముందే ఉపన్యాసాలుంటాయి. పూజలోని ప్రసంగం పొగడ్తల కోసం కాదన్నది నియమం. చనిపోయినవారి గురించి మాట్లాడేవాళ్లు సత్ప్రసాదం తర్వాతి ప్రార్థన అయ్యాకే మాట్లాడాలి. అక్కడే ఆలస్యమైపోతుంది. ఒక్కొక్కరికి మూడు నిమిషాలని చెప్పాం, వింటారనే ఆశ లేదు. మీ తరపున మాట్లాడే అమ్మాయి మాత్రం ఒక పేజీలో రాసుకుని చూసి చదవాలి.

"గుడిలోనే ఎందుకు పెట్టరు?" అన్నాడొకడు. గుడి లోపల సమాధి పోపు గారికి, కార్డినళ్లకి, ఆ మేత్రాసన బిషప్పులకి మాత్రమే అని తిరుసభ చట్టం. ఫాదర్ గారికి వెనక సమాధుల తోటలోనే చోటు.

గొయ్యి ఏడడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు, సుమారు ఆరడుగుల లోతు. నాగావళి ఒడ్డు నేల కదా, ఇసక. నాలుగడుగులు దాటితే పక్కలు జారుతాయి, వానల్లో అడుగున నీరూరుతుంది. ముందురోజే తవ్వి వదిలేస్తే తెల్లారేసరికి సగం పూడిపోతుంది. అందుకే ఎల్లుండి తెల్లవారుజామున తవ్వి, పక్కలకి చెక్కలు ఆనిస్తారు, నీళ్లు తోడే మోటారు దగ్గర ఉంచుతారు. మీరెవరూ అంచుకి నాలుగడుగుల లోపలికి రావొద్దు. తొక్కిడికే అంచు విరిగిపోతుంది.

పెట్టె, మనిషి కలిసి వంద కిలోలు దాటుతుంది. ఆ మెరిసే పిడులు అందానికే, బరువు ఆపవు. అడుగు నుంచి పట్టుకోవాలి. గొయ్యికి అడ్డంగా రెండు దుంగలు వేసి వాటి మీద పెట్టె దించుతారు, కింద నుంచి మోకులు తీసి రెండు పక్కలా పట్టుకుంటారు. పెట్టె కాస్త ఎత్తగానే దుంగలు లాగేసి మెల్లగా వదులుతారు. తల వైపు బరువెక్కువ, అక్కడ గట్టివాళ్లు లేకపోతే పెట్టె ఒరిగిపోతుంది. సన్నని నైలాను తాడైతే అరచేతులు కోసుకుపోతాయి, కొబ్బరి మోకులే తెప్పించాం.

ఆఖరున తలా మూడు గుప్పిళ్ల మట్టి. గడ్డలు, రాళ్లు వద్దు. చెక్క మీద పడ్డప్పుడు పెద్ద చప్పుడవుతుంది, చిన్నపిల్లలు ఆ చప్పుడుకే బెదిరి ఏడుస్తారు. జల్లించిన మట్టి రెండు గమేళాల్లో పెట్టిస్తాను, అందులోంచే తీసుకోండి. పూడ్చాక మట్టి కుప్పగా ఉంటుంది. వానలకి దిగుతుంది, మళ్లీ పోయాలి. దిగడం ఆగకముందే సిమెంటు కడితే పగుళ్లిస్తుంది, అందుకని సమాధి వచ్చే ఏడు కడతారు. ముప్పయ్యో రోజు పూజ ఉంటుంది, నవంబరు 2 సమాధుల పండుగకి మీరే కొవ్వొత్తులు వెలిగిస్తారు.

ఫోన్లు పట్టుకుని మీ ముఖాలకి ఫోటోలు తీసేవాళ్లు వస్తారు. "అనాథ పిల్లల కన్నీళ్లు" అని రాసి పెట్టుకుంటారు. మీలాంటి పిల్లల పేర్లు, ఫోటోలు పత్రికల్లోగానీ ఇంకెక్కడగానీ బయటపెట్టడం 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం నేరం. ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. గేటు దగ్గర ఆ మాట రాసి అంటిస్తున్నాం.

ఇక మీరు గట్టిగా అడగనిది, రాత్రుళ్లు గుసగుసలాడుకునేది. హాస్టలు మూసేస్తారా? మన హాస్టలు ఫాదర్ గారి పేరు మీద లేదు. సొసైటీ పేరు మీద, చట్టం కింద రిజిస్టరై ఉంది. బ్యాంకు ఖాతాకీ సొసైటీ పేరే, సంతకం పెట్టేవారు మారాలి అంతే. దానికి మరణ ధ్రువపత్రం కావాలి, మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలి, ఆ పని మొదలుపెట్టాం. కాగితాలు తేలేలోపు ఇబ్బంది లేకుండా రెండు నెలల బియ్యం దింపించాం. కూరలు కొన్నాళ్లు పలచగా ఉంటాయి, ఓర్చుకోండి.

మీలో ఎవర్నైనా ఇక్కడి నుంచి పంపాలంటే బాలల సంక్షేమ సమితి ఆర్డరు ఉండాలి. ఛైర్‌పర్సనూ నలుగురు సభ్యులూ ఉండే ఆ సమితి మీతో మాట్లాడాలి, మీ ఇష్టం వినాలి. బంధువునని ఎవరో వచ్చి "సామాను సర్దుకో" అంటే కదలొద్దు, సిస్టర్ గారి చేత ఆర్డరు కాగితం అడిగించండి. సిస్టర్ గారు లేనప్పుడు ఆఫీసు ఫోన్లోంచి పిల్లల సహాయ నంబరు 1098కి చెయ్యండి, డబ్బులు పడవు. పద్దెనిమిది నిండబోయే ముగ్గురూ నన్ను విడిగా కలవండి. 21 ఏళ్ల దాకా తోడ్పాటుకి అర్జీ పెట్టుకునే వీలుంది, ఆధారూ పదో తరగతి మార్కుల లిస్టూ జిరాక్సులు తీయించి తెచ్చుకోండి.

ఇట్లు,
మీ ఉపదేశి తాత