వంద కోట్ల పోస్టరు, 177 రూపాయల టికెట్టు: అపోహలు - వాస్తవాలు

గోదావరి జిల్లాలో ఒక సింగిల్ స్క్రీన్ హాలుకి 22 ఏళ్లుగా మేనేజర్‌ని. అంతకుముందు రెండేళ్లు బుకింగ్‌లో కూర్చుని టికెట్లు చింపాను. పెద్ద సినిమా పడిన ప్రతిసారీ టీ కొట్టు దగ్గర, పెళ్లి భోజనాల దగ్గర, చుట్టాల వాట్సాప్ గ్రూపుల్లో నన్ను పట్టుకుని అడిగేవి కొన్ని, నాకే పాఠం చెప్పేవి కొన్ని ఉంటాయి. చెప్పేవాళ్ల ధీమా చూస్తే కాదనబుద్ధి కాదు. అందుకని తలూపి ఊరుకుంటాను. ఇక్కడ మాత్రం ఊరుకోను.

నేనూ ప్రేక్షకుణ్ణే. ప్రతి పెద్ద సినిమా మొదటి రోజు వెనక గోడకి ఆనుకుని నిలబడి చూస్తాను, కూర్చునే తీరిక ఉండదు కాబట్టి.

అపోహ: పోస్టర్ మీద 100 కోట్లు అంటే నిర్మాత జేబులోకి 100 కోట్లు

పోస్టర్ మీద వేసేది గ్రాస్. అంటే ప్రేక్షకుడు కౌంటర్లో పెట్టిన మొత్తం డబ్బు. ఒక్క టికెట్‌ని విప్పి చూద్దాం. మా టికెట్ 177 రూపాయలు. ఆ బేసి అంకె ఏమిటని చాలామంది అడుగుతారు. టికెట్ అసలు రేటు 150, దాని మీద 18 శాతం జీఎస్టీ 27. ఆ 27 ప్రభుత్వానిది. (2025 సెప్టెంబరు 22 నుంచి వంద రూపాయలు, అంతకులోపు టికెట్ల మీద పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గింది. మా ముందు వరసల వాళ్లకి అది మేలే. పెద్ద సినిమా రేట్లు ఎలాగూ వంద దాటేవే కాబట్టి అక్కడ 18 అలాగే ఉంది.)

మిగిలిన 150లోంచి హాలు అద్దె గానీ, పర్సంటేజీ (వసూళ్లలో హాలు వాటా) గానీ పోతుంది. ఆ తర్వాత మిగిలేదే షేర్. అది కూడా ముందు డిస్ట్రిబ్యూటర్ చేతికి వస్తుంది. అతను అప్పటికే నైజాంకి (తెలంగాణ) ఇంత, సీడెడ్‌కి (రాయలసీమ) ఇంత, ఉత్తరాంధ్రకి ఇంత అని డబ్బు కట్టి సినిమాని తెచ్చుకున్నాడు. తను పెట్టింది తిరిగొచ్చేదాకా అతనికి నిద్ర పట్టదు. మన రెండు రాష్ట్రాల్లో గ్రాస్‌లో సుమారు 60 శాతం షేర్‌గా తేలితే బాగా తేలినట్టే. హిందీ వైపు ఇంకా తక్కువ, సగం అటూ ఇటూ.

ఇప్పుడు ఈ లెక్క చూడండి. ఒక ఏరియాని 60 కోట్లకి కొన్నారనుకుందాం. అక్కడ 60 కోట్ల గ్రాస్ వచ్చింది. అభిమానులు పెట్టింది వచ్చేసింది, బ్రేక్ ఈవెన్ అయిందని టపాసులు కాలుస్తారు. బయ్యర్‌కి వచ్చిన షేర్ 36 కోట్లు, పోయింది 24. అదీ అతను ఏ పద్ధతిలో కొన్నాడన్నదాన్ని బట్టి ఉంటుంది. ఎన్నారే, అంటే నాన్ రిటర్నబుల్ అడ్వాన్స్ మీద కొంటే ఆ 24 అతని నెత్తినే. మామూలు అడ్వాన్స్ మీద కొంటే తక్కువ పడింది నిర్మాత తిరిగి ఇవ్వాలి, ఆ బాకీ తేల్చమని బయ్యర్లు పట్టుబడతారు, అందుకే తర్వాతి సినిమా రిలీజ్ ముందు రోజు ఆఫీసుల్లో అంత టెన్షన్. ఒకే సినిమా ఒకరికి బ్లాక్‌బస్టర్, పక్క జిల్లా అతనికి ఇల్లు తాకట్టు ఎలా అవుతుందో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

అపోహ: రికార్డు కలెక్షన్ అంటే రికార్డు జనం

మా హాల్లో పాత డీసీఆర్ పుస్తకాలు ఇంకా దాచి ఉంచాను. రోజువారీ కలెక్షన్ రిపోర్టులవి, చెద పట్టకుండా వేపాకు పెట్టి మరీ. 2017 ఏప్రిల్ 28న బాహుబలి 2 వచ్చినప్పటికి జీఎస్టీ కూడా రాలేదు, ఇంకా ఎంటర్‌టైన్‌మెంట్ ట్యాక్సే. మా బాల్కనీ టికెట్ వంద దాటలేదు. 2024 డిసెంబరు 4 రాత్రి పుష్ప 2 ప్రీమియర్‌కి ఆంధ్రలో టికెట్ అసలు రేటు 800 రూపాయలు, జీఎస్టీ అదనం. 150 అసలు రేటు లెక్కన చూస్తే ఒక మనిషి కూర్చుంటే ఐదుగురికి పైగా కూర్చున్నట్టు. మా పుస్తకాల్లో డబ్బులో పుష్ప 2 ముందు, మనుషుల్లో బాహుబలి 2 ముందు. రెండూ పెద్ద హిట్లే. కానీ ఒకదాని రికార్డుని ఇంకోటి కొట్టిందని అన్నప్పుడు ఏ రికార్డు అని నేను అడుగుతాను. సమాధానం చెప్పినవాళ్లు తక్కువ.

అపోహ: హౌస్‌ఫుల్ బోర్డు పడితే హాలు ఓనర్‌కి పండగ

ఇది వింటే మా ఓనర్ గారు నవ్వుతారు, ఏడవలేక.

మాలాంటి ఊళ్లలో చాలా హాళ్లు పెద్ద సినిమాకి అద్దె మీదే నడుస్తాయి. వారానికి ఇంత అని ముందే ఒప్పందం. హాలు నిండినా అంతే, సగం నిండినా అంతే. నిండితే మాత్రం ఏసీ ఫుల్లు, కరెంటు పోతే జనరేటర్, అదనంగా నలుగురు గేట్‌కీపర్లు, పోలీసు బందోబస్తు, తెల్లారి షో ఉంటే స్టాఫ్‌కి టిఫిన్లు. సినిమా తగ్గాక డిస్ట్రిబ్యూటరే ఫోన్ చేసి, ఇక అద్దె కుదరదు, పర్సంటేజీకి రండి అంటాడు. నిండేటప్పుడు అద్దె, ఖాళీ అయ్యేటప్పుడు వాటా! 2025 మేలో ఎగ్జిబిటర్లు (హాళ్లు నడిపేవాళ్లు) మొదటి నుంచీ పర్సంటేజీ ఇవ్వకపోతే జూన్ 1 నుంచి హాళ్లు మూసేస్తామన్నది ఈ కడుపుమంటతోనే. మూసివేత జరగలేదు, సమస్య కూడా ఎక్కడికీ పోలేదు.

ఇంకో ఖర్చు ఎవరి లెక్కలోకీ రాదు. హీరో ఎంట్రీకి అభిమానులు చల్లే రంగు కాగితాలు. చూడ్డానికి బాగుంటుంది, నాకూ ఒళ్లు పులకరిస్తుంది. షో అయ్యాక ఆ కాగితాలు కూల్‌డ్రింక్ తడికి నేలకి అతుక్కుపోతాయి. చీపురుకి రావు, గోకాలి. ఏసీ గాలి వెనక్కి లాగే జాలీల్లోకి దూరితే గాలి ఆడదు, మర్నాడు మ్యాట్నీకి వచ్చిన ఫ్యామిలీలు ఏసీ వేయలేదని నా మీదకి వస్తారు. ఒక సినిమాకి చల్లిన కాగితాలు ఆరు నెలల తర్వాత ఇంకో సినిమా క్లైమాక్స్‌లో పైనుంచి ఒక్కొక్కటిగా రాలాయి. అదీ ఇంకో హీరో అభిమానుల మీద. గొడవ కానందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

ఓనర్ బతికేది ఏడాదికి నాలుగు పెద్ద సినిమాల మీద కాదు, మిగతా వారాల మీద. 2024 మేలో తెలంగాణలో సింగిల్ స్క్రీన్లు సినిమాల్లేక పది రోజులు స్వచ్ఛందంగా మూసుకున్నాయి. ఆ మరుసటి నెల 27న కల్కి వచ్చింది, హాళ్లు కిటకిటలాడాయి. రెండూ ఒకే వేసవి ముచ్చట.

అపోహ: హాలు వాళ్లు కావాలనే షో లేటు చేస్తారు

రీళ్ల కాలంలో "బాక్సు రాలేదు" అనేవాళ్లం. నిజంగానే బాక్సు రావాలి. ఒక్కో రీలు సుమారు 20 నిమిషాలు. రెండు హాళ్లకి ఒకే ప్రింటు అయితే కుర్రాడు సైకిల్ మీద రీళ్లు మోసుకుంటూ ఊరంతా తిరిగేవాడు. ఇప్పుడు బాక్సు లేదు. సినిమా హార్డ్‌డిస్క్‌లోనో, శాటిలైట్ ద్వారానో ముందే మా సర్వర్‌లోకి వచ్చి కూర్చుంటుంది. కానీ తాళం వేసి ఉంటుంది. దాని పేరు కేడీఎం, మేం 'కీ' అంటాం. ఆ కీ మా హాల్లోని ఆ ఒక్క సర్వర్‌కే పనిచేస్తుంది, పక్క హాలుది మాకు పనికిరాదు. ఏ తేదీన, ఎన్ని గంటల నుంచి, ఎప్పటిదాకా అని అందులోనే రాసి ఉంటుంది. ఒక్క నిమిషం ముందు నొక్కినా బొమ్మ పడదు.

ఒక పెద్ద హీరో సినిమాకి ఉదయం 8 గంటల షో. పేరు చెప్పను. ఏడింటికే హాలు నిండిపోయింది. 7.40కి నేను క్యాబిన్‌లోకి వెళ్తే మా ఆపరేటర్ తెర వైపు కాదు, ఫోన్ వైపు చూస్తున్నాడు. సర్వర్‌లో సినిమా పేరు పక్కన తాళం గుర్తు. పైన ఎక్కడో ఫైనాన్స్ క్లియరెన్స్ కాలేదు, అంటే నిర్మాత బాకీ ఇంకా తీరలేదు, ఆ డబ్బు కట్టేదాకా కీలు వదలరు. ఆ సంగతి కింద ఈలలు వేస్తున్న కుర్రాళ్లకి ఎలా చెప్పను? పొగాకు హెచ్చరిక రెండుసార్లు, ఊళ్లోని బట్టల కొట్టు యాడ్ నాలుగుసార్లు వేశాం. ఐదోసారి వేయబోతే ఎవరో నీళ్ల సీసా విసిరారు. 9.25కి మెయిల్ వచ్చింది. ఆపరేటర్ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి సర్వర్‌కి పెట్టేటప్పుడు అతని చెయ్యి వణకడం చూశాను. టైటిల్ పడగానే హాలంతా ఒక్కటే అరుపు, అంతా మర్చిపోయారు. గేటు అద్దం మాత్రం పగిలింది. దాని డబ్బులు ఏ షేర్‌లోనూ రాలేదు.

అపోహ: సౌండ్ తగ్గించేది కరెంటు బిల్లు కోసం

సౌండ్ ప్రాసెసర్ మీద ఒక అంకె ఉంటుంది. మిక్సింగ్ చేసినవాళ్లు 7 దగ్గర పెట్టి చేస్తారు. ఈ మధ్య పెద్ద సినిమాల్లో ప్రతి దెబ్బకీ, ప్రతి అడుగుకీ ఢమఢమలే కాబట్టి 7 పెడితే చంటిపిల్లలు గుక్కపెడతారు. మేం 5 అటూ ఇటూ నడుపుతాం. మొదటి రోజు మార్నింగ్ షోకి అభిమానులు వచ్చి "పెంచండన్నా" అంటారు, పెంచుతాం. మ్యాట్నీకి ఆడవాళ్లు "తగ్గించండి బాబూ" అంటారు, తగ్గిస్తాం. దీనికీ కరెంటు బిల్లుకీ సంబంధం లేదు. స్పీకర్ల ఖరీదుకి మాత్రం ఉంది.

బొమ్మ మసకగా ఉందన్న ఫిర్యాదులో కొంత నిజముంది, ఒప్పుకుంటాను. జెనాన్ బల్బుకి ఆయుష్షు గంటల్లో ఉంటుంది. దాన్ని మించి లాగించే హాళ్లున్నాయి. త్రీడీ అయితే వెలుతురులో సగానికి పైగా ఆ ఏర్పాటూ, కళ్లద్దాలే తినేస్తాయి. ముసలి బల్బుతో త్రీడీ వేస్తే పగటి యుద్ధం అమావాస్య యుద్ధం అవుతుంది. అలాంటిచోట టూడీ చూడండి.

అపోహ: మూడు గంటలు దాటితే జనం కూర్చోరు

కూర్చుంటారు. ఆర్ఆర్ఆర్, కల్కి మూడు గంటలకి కాస్త అటూ ఇటూ, పుష్ప 2 మూడు గంటల ఇరవై నిమిషాలు. జాతర ఎపిసోడ్‌లో ఒక్కడు లేవలేదు. నాకైతే ఆ తర్వాతి అరగంట బరువుగా అనిపించింది, కానీ నేను నిలబడి చూశాను కదా, కాళ్లు చెప్పిన అభిప్రాయమేమో.

ఇబ్బంది జనంతో కాదు, గడియారంతో. సినిమా 3.20, ఇంటర్వెల్, యాడ్లు కలిపి 3.45. ఊడవడానికి ఇరవై నిమిషాలు. 10.30కి మొదలుపెడితే మ్యాట్నీ 2.35, ఫస్ట్ షో 6.40, సెకండ్ షో 10.45. వదిలేసరికి రాత్రి 2.30. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చేవాళ్లు ఆ వేళప్పుడు ఎలా వెళ్తారు? అందుకని సెకండ్ షో మొదటి ఆదివారం తర్వాత పల్చబడుతుంది. టాక్ పోయిందని బయట రాస్తారు.

అపోహ: బడ్జెట్ ఎక్కువైతే బొమ్మ గొప్పగా ఉంటుంది

2023 జూన్ 16న ఆదిపురుష్ వచ్చినప్పుడు ప్రతి హాల్లో ఒక సీటు ఆంజనేయస్వామికి వదలమన్నారు. మేం బాల్కనీలో మధ్య సీటు వదిలి, పటం పెట్టి, కాషాయం కండువా కప్పి, అరటిపళ్లు పెట్టాం. శుక్రవారం ఆ పక్క సీట్ల కోసం రికమండేషన్లు వచ్చాయి. సోమవారం మ్యాట్నీకి స్వామివారి చుట్టూ కావలసినంత చోటు దొరికింది.

ఏడు నెలలు తిరక్కుండానే, 2024 జనవరి 12న హను-మాన్. దాని ఖర్చు ఆదిపురుష్‌లో చిన్న ముక్క. సంక్రాంతికి పెద్ద హీరోల మధ్య హాళ్లు కూడా సరిగ్గా దొరకలేదు. మా హాల్లో మొదట్లో రోజుకి రెండు షోలే, తర్వాత నాలుగూ అదే. క్లైమాక్స్‌లో మా గేట్‌కీపర్ చెప్పులు విడిచి చూశాడు, ప్రతి షోకీ. జనానికి గ్రాఫిక్స్ కనపడవని కాదు, బాగా కనపడతాయి. కథలో మునిగి ఉంటే క్షమించేస్తారు, మునగకపోతే మొసలి ప్లాస్టిక్‌ది అని పిల్లాడు కూడా చెప్తాడు.

అపోహ: ఓటీటీయే హాళ్లని చంపుతోంది

సగం నిజం. సలార్, గేమ్ ఛేంజర్ నాలుగు వారాలకి వచ్చేశాయి, దేవర ఆరు వారాలకి, కల్కి, పుష్ప 2 ఎనిమిది వారాలకి. మా ఊళ్లో ఎంత పెద్ద సినిమా అయినా గట్టి వసూళ్లు రెండు వారాలే. మరి ఎనిమిది వారాలు ఆగమని మేం అడిగేది ఎందుకు అంటే, నలుగురున్న ఇల్లు మొదటి వారం పెంచిన రేటు చూసి "నెలాగితే ఇంట్లోనే" అనుకుంటుంది. ఆ రేటూ, ఆ నెలా కలిసి దెబ్బ కొడతాయి. ఒక్కదాన్నే తిడితే లాభం లేదు.

అపోహ: రివ్యూలు సినిమాని ముంచుతున్నాయి

తెల్లవారుజామున అమెరికా నుంచి టాక్ వస్తుంది. మార్నింగ్ షో పడేసరికి ఫోన్లలో రేటింగులు. అవి రెండో రోజు దాకా పనిచేస్తాయి, అంతే. దేవరకి మొదటి పూట టాక్ అటూ ఇటూగా ఉంది, దసరా సెలవుల్లో మా హాలు నిండుతూనే ఉంది. 2025 సంక్రాంతికి భారీ సినిమాని దాటి నవ్వుల సినిమా నడిచింది. ఆ 'సంక్రాంతికి వస్తున్నాం' సినిమాకి ఆటోల్లో వచ్చారు జనం, ముసలమ్మలతో సహా.

నేను రివ్యూ చదవను. సెకండాఫ్ మొదలైన ఇరవై నిమిషాలకి క్యాంటీన్ దగ్గరికి వెళ్తాను. సినిమా బాగుంటే అక్కడ ఈగలు తప్ప ఎవరూ ఉండరు, క్యాంటీన్ అతను మొహం గంటు పెట్టుకుని సమోసాలు మూత పెడుతుంటాడు. బాగోకపోతే కుర్రాళ్లు బయటికొచ్చి టీ తాగుతూ కబుర్లు చెప్పుకుంటుంటారు. మొన్న ఒక భారీ సినిమా మొదటి రోజు వెళ్లేసరికి అతను రెండో విడత పాలు కాస్తున్నాడు.

"ఏమయ్యా, ఎలా ఉంది?"

"బ్లాక్‌బస్టరండీ" అన్నాడు, గ్లాసులు కడుగుతూ.