పంపకాలకు ముందటి పాటలు: చర్యాపదాలు ఏ భాషవి?

1907లో కలకత్తా సంస్కృత పండితుడు హరప్రసాద శాస్త్రి నేపాల్ రాజదర్బారు గ్రంథాలయంలో ఒక తాళపత్ర ప్రతిని గుర్తించారు. అందులో బౌద్ధ సిద్ధుల పాటలున్నాయి, వాటికి సంస్కృతంలో వ్యాఖ్యానమూ ఉంది. మరికొన్ని రచనలతో కలిపి 1916లో బంగీయ సాహిత్య పరిషత్తు వాటిని అచ్చు వేసింది. వెయ్యేళ్ల నాటి పాత బంగాళా భాషలోని బౌద్ధ గానాలు, దోహాలు (రెండేసి పాదాల పద్యాలు) అని ఆ పుస్తకానికి పేరు పెట్టారు. వందేళ్లు దాటినా తెగని వివాదం ఆ పేరుతోనే మొదలైంది.

ఆ పాటలే చర్యాపదాలు. సంపుటిలో ఉండవలసినవి 50. కొన్ని ఆకులు పోవడంతో 24, 25, 48 సంఖ్యల పాటలు పూర్తిగా పోయాయి, 23వ పాట సగంలో ఆగిపోయింది. ప్రతి పాటకూ పైన రాగం పేరుంది: పటమంజరి, గుర్జరి, భైరవి, మల్లారి, రామక్రీ. లూయిపాదుడు, కాన్హపాదుడు, భుసుకుపాదుడు, సరహపాదుడు, శబరపాదుడు మొదలైన ఇరవైమందికి పైగా కవులు ఇందులో ఉన్నారు. అందరికంటే ఎక్కువ పాటలు కాన్హపాదుడివి. వజ్రయానమనే తాంత్రిక బౌద్ధ మార్గపు సాధకులు కాబట్టి చెప్పదలచినది యోగం గురించే. అయితే చెప్పడానికి ఎంచుకున్నవి మాత్రం పడవ, వల, కల్లు దుకాణం, దూది, వేట, ఊరి బయటి గుడిసె. మొదటి పాట ఇలా మొదలవుతుంది: "కాఆ తరువర పంచ వి డాల, చంచల చీఏ పఇఠా కాల". ఒళ్లే చెట్టు, దానికి ఐదు కొమ్మలు. నిలకడలేని మనసులోకి కాలం చొరబడింది.

ఈ పాటలు తమవేనని బెంగాలీలు అన్నారు. అస్సామీలు, ఒడియావారు, మైథిలులు కూడా అదే మాట అన్నారు. హిందీ రచయిత రాహుల్ సాంకృత్యాయన్ వీటిని బిహార్‌లోని మగహీ భాషకు, అక్కడినుంచి హిందీ కవిత్వపు తొలినాళ్లకు కలిపారు. ఈ భాషల సాహిత్య చరిత్రలలో ఏది తెరిచినా మొదటి అధ్యాయంలో చర్యాపదాలే కనిపిస్తాయి. ప్రాచీన హోదా కోసం భాషలు పోటీపడే మన దేశంలో దీనికి సాహిత్యాభిమానాన్ని మించిన విలువ ఉంది. తెలుగుకు ఆ హోదా 2008లో, ఒడియాకు 2014లో, బెంగాలీకీ అస్సామీకీ 2024లో వచ్చాయి. ప్రాచీనత నిరూపించుకోవలసిన భాషకు ఇంత పాత గ్రంథాన్ని వదులుకోవడం తేలిక కాదు.

ఇంతమంది ఒకే గ్రంథాన్ని ఎలా తమదనగలుగుతున్నారో తెలుసుకోవాలంటే ఒక్క పాదం చూస్తే చాలు. 33వ పాటలో ఢేంఢణపాదుడు అంటాడు: "టాలత మోర ఘర నాహి పడవేషీ, హాడీత భాత నాహి నితి ఆవేశీ". గుట్ట మీద నా ఇల్లు, ఇరుగుపొరుగు లేరు. కుండలో అన్నం లేదు, రోజూ చుట్టాలే. ఇందులోంచి 'కుండలో అన్నం లేదు' అన్న మాటను తీసుకుందాం. పాటలో అది "హాడీత భాత నాహి". ఇప్పటి బెంగాలీలో "హాఁడితే భాత్ నేఇ". అస్సామీలో "హాఁడిత్ భాత్ నాఇ". ఒడియాలో "హాండిరే భాత నాహిఁ". మైథిలిలో "హాఁడీ మే భాత్ నహి". పాటలోని సప్తమీ ప్రత్యయం 'త' అస్సామీలో దాదాపు అలాగే నిలిచింది, బెంగాలీలో 'తే' అయింది. 'భాత' చివరి అచ్చును ఒడియా కాపాడుకుంది, మిగతావి వదిలేశాయి. 'నాహి' రూపానికి ఒడియా, మైథిలి దగ్గర. మూడే మాటలు చాలు, నాలుగు భాషలవారికీ తమ అమ్మమ్మ మాట్లాడినట్టు వినిపించడానికి. ఎవరూ అబద్ధమాడడం లేదు. ఎవరికి వారు తమ దగ్గర మిగిలిన ముక్కను పట్టుకుని మొత్తం తమదంటున్నారు, అంతే.

బెంగాలీ పక్షాన అత్యంత బలమైన వాదన భాషాశాస్త్రవేత్త సునీతి కుమార్ చటర్జీది. బెంగాలీ భాష పుట్టుక, పరిణామాల మీద 1926లో ఆయన అచ్చు వేసిన బృహద్గ్రంథం ఈ చర్చకు ఇప్పటికీ వెన్నెముక. ఆయన మాటల పోలికల దగ్గర ఆగలేదు, వ్యాకరణం తీశారు. షష్ఠిలో 'ఎర', భూతకాలంలో 'ఇల', భవిష్యత్తులో 'ఇబ', 'ఉండు' అనే అర్థమిచ్చే ఆఛ్, థాక్ ధాతువులు, ఇలా ప్రత్యయాలన్నీ వరసగా పరీక్షించి, ఇది పాత బెంగాలీ అనీ, పశ్చిమ బెంగాల్ మాండలికం మీద ఆధారపడిందనీ తేల్చారు. రెండో పాటలో "రుఖేర తెంతలి కుంభీరే ఖాఅ", అంటే చెట్టు చింతపండును మొసలి తింటోంది, అని కుక్కురీపాదుడు అంటాడు. అందులోని 'రుఖేర' అన్న 'ఎర' షష్ఠి అచ్చం బెంగాలీదే. ఒడియాలో, అస్సామీలో ఇక్కడ ఉత్త 'ర' వస్తుంది. ఇది గట్టి సాక్ష్యం. మిగతా పక్షాలవారు దీన్ని ఎక్కువగా దాటవేశారనే నా అభిప్రాయం.

అయితే మళ్లీ మొదటి పాటకే వెళ్లి ఇంకో పాదం చూడండి: "ఏడిఏఉ ఛాందక బాంధ కరణక పాటెర ఆస". 'పాటెర'లో బెంగాలీ 'ఎర' ఉంది. అదే పాదంలో 'ఛాందక' కూడా ఉంది. ఆ 'క' షష్ఠి మైథిలికి ఆనవాలు. రెండు 'ఇళ్ల' గుర్తులూ ఒకే పాదంలో పక్కపక్కన కూర్చున్నాయి. పైగా తాళపత్రంలో మాటల మధ్య ఖాళీలుండవు. 'కరణకపాటెర' అన్న అక్షరాలను 'కరణక పాటెర' అని విడదీస్తే మైథిలి వైపు ఇంకో సాక్ష్యం చేరుతుంది. 'కరణ కపాటెర' అని విడదీస్తే ఆ సాక్ష్యం మాయమవుతుంది. ప్రతిలో ఉన్నది అక్షరాల వరుస మాత్రమే. అందులో ఏది ప్రత్యయమో నిర్ణయించేది సంపాదకుడు. పదో పాటలో "సో బామ్హణ" అన్నప్పటి 'సో' మరీ దూరం, ప్రాకృతాలకూ నేటి భాషలకూ మధ్య దశ అయిన అపభ్రంశాల్లో పశ్చిమ భారతపు శౌరసేనిది. తూర్పున 'సే' రావాలి. ఈ పశ్చిమ ప్రభావాన్ని చటర్జీయే గుర్తించి చెప్పారు.

భాషల చుట్టరికాన్ని తేల్చడానికి భాషాశాస్త్రంలో ఒక నియమం ఉంది. రెండు భాషలూ తల్లి నుంచి తెచ్చుకున్న పాత లక్షణం ఒకే రకంగా ఉంటే అది వాటి ప్రత్యేక సంబంధాన్ని నిరూపించదు, ఎందుకంటే అది తోబుట్టువులందరికీ వచ్చే వాటా. తల్లిలో లేకుండా కొత్తగా పుట్టిన మార్పు రెండింటిలోనే కనిపిస్తేనే సాక్ష్యం. చర్యాపదాల మీద వచ్చిన వాదనల్లో పెద్ద భాగం ఈ నియమం ముందు నిలవదు. 'ల' భూతకాలం, 'బ' భవిష్యత్కాలం బెంగాలీ, అస్సామీ, ఒడియా, మైథిలి, భోజ్‌పురి అన్నిటికీ ఏదో ఒక రూపంలో ఉన్నాయి. మాగధి ప్రాకృతం నుంచి వచ్చిన ఈ తూర్పు భాషల కుటుంబపు ఉమ్మడి సొత్తు అది. పంపకాలు జరగకముందు ఉమ్మడి ఇంట్లో కొన్న నగను చూపించి, నలుగురు కొడుకుల్లో ఎవరిది అని అడిగితే ఏ జవాబూ నిజం కాదు. వీటిని తీసేస్తే మిగిలే అసలు సాక్ష్యం చాలా కొంచెం. ఆ కొంచెంలో 'ఎర' ముఖ్యమైనది. అందుకే చటర్జీ వాదన మిగతావాటికంటే నిలబడుతుంది, కానీ ఆయన కోరుకున్నంత దూరం పోదు.

ఇక్కడ కాలం లెక్క అడ్డుపడుతుంది. చటర్జీ ఈ పాటలను 950 నుంచి 1200 మధ్య ఉంచారు. మరో బెంగాలీ భాషావేత్త ముహమ్మద్ షహీదుల్లా తొలి పాటలను ఏడో శతాబ్దం దాకా వెనక్కి జరిపారు. ఏడో శతాబ్దమైతే 'ఏ భాష' అన్న ప్రశ్నే లేదు, ఆ భాషలు ఇంకా విడివడలేదు. పన్నెండో శతాబ్దమైతే లేదనలేం. తొలి ఒడియా శాసనంగా చెప్పుకునే ఉర్జాం శాసనం 1051 నాటిది, అది దొరికింది మన శ్రీకాకుళం జిల్లాలో. అంటే కళింగాన, తెలుగు నేలకు ఆనుకుని, ఒడియా అప్పటికే తన దారి పడుతోంది. బెంగాలీ, అస్సామీ విడిపోవడం మాత్రం ఆ తర్వాతి సంగతి. తర్వాతి గ్రంథాలు కూడా ఆలస్యంగానే దొరుకుతాయి. మైథిలిలో జ్యోతిరీశ్వరుడి వర్ణరత్నాకరం పద్నాలుగో శతాబ్దిది. బడు చండీదాసు శ్రీకృష్ణకీర్తన కూడా చర్యాపదాల తర్వాత రెండు శతాబ్దాలైనా గడిచాక వచ్చినదే. ఈ ఖాళీని దాటించే వంతెన ఏ భాషకూ పూర్తిగా లేదు.

పాటల్లో వచ్చే ఊర్ల పేర్లతో ఈ తగాదా తీర్చవచ్చని చాలామంది అనుకున్నారు. 49వ పాటలో "ఆజి భుసుకు బంగాలీ భఇలీ", భుసుకూ, ఈ రోజు నువ్వు బంగాళీ అయ్యావు, అని ఉంది. బెంగాలీ పక్షానికి ఇది ప్రియమైన పాదం. ఈ రోజు అయ్యాడంటే నిన్నటిదాకా కాదన్నమాటే కదా అని ఎదుటి పక్షం. రెండో పాటలో కోడలు పగలు కాకికి భయపడుతుంది, రాత్రయితే 'కామరు' వెళ్తుంది. అది కామరూపమని అస్సామీలు చూపిస్తారు. కానీ ఈ కవులు కావాలని మరుగు భాషలో రాశారు. వాళ్ల పాటల్లో తాబేలు పాలు ఇస్తుంది, ఎద్దు ఈనుతుంది, ఆవు గొడ్డుపోతుంది. వ్యాఖ్యాత మునిదత్తుడు పడవనూ, ఊరి బయట ఉండే డోంబ కులపు స్త్రీ అయిన డోంబినీ కూడా యోగ సంకేతాలుగానే చదివాడు. అలాంటి పాటలో ఊరి పేరును చిరునామాగా తీసుకోవడం నాకు సబబుగా తోచదు.

విడి మాటలను పట్టుకునే వాదనలో ఉన్న లోపం తెలుగువారికి ఇట్టే తెలియాలి. హాలుడి గాథాసప్తశతిలో పేరుపడిన గాథ ఒకటుంది: "అత్తా ఎత్థ ణిమజ్జఇ". రేచీకటి బాటసారికి ఆ ఇంటి కోడలు పగలే చోటు చూపిస్తోంది, అత్త ఇక్కడ పడుకుంటుంది, నేను ఇక్కడ, చీకట్లో పొరబడేవు అని. 'అత్త' చదవగానే మనకు ప్రాణం లేచివస్తుంది, రావాలి కూడా. అంతమాత్రాన గాథాసప్తశతి తెలుగు కావ్యం కాదు, అది మహారాష్ట్రీ ప్రాకృతం. మాటలు ఇల్లు మారుతుంటాయి. ప్రత్యయాలు అంత తేలిగ్గా కదలవు.

కవి సొంత ఊరితో కూడా ఈ ప్రశ్న తేలదు. సరహుడు, కాన్హుడు ఈ పాటలే కాక దోహాలూ చెప్పారు. ఆ దోహాలు శౌరసేని అపభ్రంశంలో ఉన్నాయి, అప్పట్లో ఉత్తరాది అంతటా సాహిత్యానికి వాడిన భాష అది. శాస్త్రి పుస్తకం వీటిని కూడా పాత బంగాళా కింద చేర్చేసింది. చటర్జీ వేరుచేసి సరిదిద్దారు. ఒకే మనిషి రెండు భాషల్లో రాశాడంటే పుట్టిన ఊరికీ రాసిన భాషకూ ముడి వదులైనదే. అసలు ఆ పుట్టిన ఊర్లూ స్థిరంగా లేవు. టిబెట్ సంప్రదాయం సరహుణ్ని దక్షిణాన శ్రీపర్వతానికి కలుపుతుంది. సిద్ధులకు ముఖ్యమైన ఒడ్డియానం ఒడిశా అని కొందరు, స్వాత్ లోయ అని కొందరు. తిరుగుతూ బతికిన మనుషులు వీళ్లు. పాటలు కూడా వాళ్ల వెంట తిరిగి, చివరికి నేపాల్లో ఒక లేఖకుడి చేతికి చేరాయి. దారిలో ఎన్ని నోళ్లు ఎన్ని ప్రత్యయాలు మార్చాయో ఒక్క ప్రతితో చెప్పలేం. ఆ ప్రతి లిపి పాత తూర్పు భారత లిపి. బెంగాలీ, అస్సామీ, మైథిలి లిపులు ఆ కుటుంబానివే, కాబట్టి లిపి కూడా ఎవరి పక్షమూ వహించదు.

నా మట్టుకు చర్యాపదాల భాషను తూర్పు మాగధి భాషల చివరి ఉమ్మడి దశ అనడమే న్యాయం. అందులో పశ్చిమ బెంగాల్ ఛాయ ఎక్కువ, అపభ్రంశ సాహిత్య భాష పూత కొంత. 'పాత బెంగాలీ' అన్న పేరు అబద్ధం కాదు, ఇరుకు. ఈ హక్కుల పోరులో పాటలే వెనక్కి పోయాయన్నది నా బాధ. "నగర బాహిరి రే డోంబి తోహోరి కుడిఆ", ఊరి బయట ఓ డోంబీ నీ గుడిసె, అంటాడు కాన్హుడు. బ్రాహ్మణుడు ఆమెను తాకుతూ పోతాడు. నెమలి పింఛం కట్టి గురివెంద దండ వేసుకున్న శబర పిల్లను ఎత్తైన కొండ మీద కూర్చోబెడతాడు శబరపాదుడు. ఊరు తన లోపలికి రానివ్వని మనుషులకు ఇంత స్థలమిచ్చిన కవిత్వం ఆ కాలంలో అరుదు. వీటిని చదవడానికి ముందు వంశవృక్షం అడగడం ఆ కవులకు మర్యాద కాదు.

ఇంకా వెతకవలసిన చోట్లు రెండున్నాయి. ఒకటి కాఠ్మండు లోయ. అక్కడి నేవారీ బౌద్ధ పురోహితులైన వజ్రాచార్యులు చచా అనే పేరుతో చర్యాగీతాలను నృత్యంతో సహా ఇప్పటికీ పాడుతున్నారు. అలా నేపాల్‌లో నిలిచిన పాటలను శశిభూషణ్ దాస్‌గుప్తా సేకరించారు కూడా. వాటిలో ఏ పొర ఎంత పాతదో విడదీసే పని ఓపికతో చేయాలి. రెండోది టిబెటన్ అనువాదం. ప్రబోధ్ చంద్ర బాగ్చీ దాన్ని వెలికితీసి 1938లో ప్రచురించడంతో పోయిన 24, 25, 48 పాటల అర్థం తిరిగి చేతికొచ్చింది, 23లో పోయిన భాగం కూడా. అయితే అనువాదంలో అర్థమే వస్తుంది. ఆ పాటల్లో 'ఎర' ఎక్కడుందో, 'క' ఎక్కడుందో, 'త' ఎక్కడుందో టిబెటన్ చెప్పదు. తగాదాకు సాక్ష్యం కాగలిగినవి అవే, అవి ఆ పోయిన ఆకులతోనే పోయాయి.