సెలవుల్లో ఊళ్లు చూడబోయే పిల్లలకు

పిల్లలూ,

సెలవుల్లో ఎక్కడికి వెళ్దామా అని ఈపాటికి ఇంట్లో చర్చలు మొదలయ్యే ఉంటాయి. తప్పకుండా వెళ్లండి. కాకపోతే మనం చూడబోయే ప్రతి చోటూ ఎవరో ఒకరి ఇల్లు. మనుషులది కాకపోతే చేపలదో, పక్షులదో. ఆ సంగతి మరిచిపోతే ఏమవుతుందో చెప్తాను.

థాయ్‌లాండ్‌లో మాయా బే అని ఒక చిన్న తీరం ఉంది. చుట్టూ నిటారుగా కొండలు, మధ్యలో తెల్లటి ఇసుక. ఒక హాలీవుడ్ సినిమా అక్కడ తీశాక దాని పేరు మోగిపోయింది. రోజుకు 5,000 మంది దాకా వచ్చేవారట. పడవ వచ్చి లంగరు వేసినప్పుడల్లా నీళ్ల అడుగున పగడాలు విరిగేవి. పగడం రాయి కాదు, ప్రాణమున్న జీవి. కొన్ని రకాలు ఏడాదంతా కలిపినా ఒక సెంటీమీటరు పెరగవు. చివరికి 2018లో ప్రభుత్వం ఆ తీరాన్ని మూసేసింది. మనుషుల అలికిడి తగ్గాక, రెక్కల కొసలు నల్లగా ఉండే చిన్న సొరచేపలు మళ్లీ ఒడ్డు దాకా రావడం మొదలుపెట్టాయి. 2022 జనవరిలో తిరిగి తెరిచినప్పుడు పడవల్ని లోపలికి రానివ్వలేదు. అవి దీవి వెనక వైపు ఆగాలి, జనం అక్కడి నుంచి నడిచి రావాలి.

వచ్చినవాళ్లంతా చెడ్డవాళ్లా? కాదు. ఒక్కొక్కరు ఉన్నది ఏ గంటో రెండు గంటలో. ‘నేనొక్కణ్ణే కదా, ఏమవుతుందిలే’ అని 5,000 మంది అనుకున్నారు, అంతే.

ఇప్పుడు ఆస్ట్రేలియా సంగతి. ఎడారి మధ్యలో ఉలూరు అనే పెద్ద ఎర్రటి బండ ఉంది, 348 మీటర్ల ఎత్తు. అనంగు అనే ఆదివాసులకు అది పవిత్రం. దయచేసి ఎక్కొద్దని వాళ్లు ఏళ్ల తరబడి వచ్చినవాళ్లను బతిమాలారు. బోర్డు పెట్టారు. చాలామంది ఆ బోర్డు పక్కనుంచే ఎక్కేవారు. పైన మరుగుదొడ్లు లేవు కాబట్టి అక్కడ చేసిన మలినమంతా వాన పడినప్పుడు కింద నీటి గుంటల్లోకి కొట్టుకొచ్చేది. జంతువులు తాగే నీళ్లవి. ఎక్కుతూ 30 మందికి పైగా చనిపోయారు కూడా. తమ నేల మీదికి వచ్చినవాళ్లకు ఏమైనా అయితే ఆ బాధ్యత తమదేనని అనంగులు కుమిలిపోయేవారు. ఆఖరికి 2019 అక్టోబరు 26 నుంచి ఎక్కడాన్ని పూర్తిగా నిషేధించారు. అంతకు ముందు రోజుల్లో, ఎలాగూ మూసేస్తారు కదా అని ఎక్కడానికి జనం బారులు తీరారు! నాకైతే ఇది అస్సలు మింగుడు పడదు.

అక్కడే ఇంకో విచిత్రం ఉంది. గుర్తుగా ఉంటుందని ఉలూరు నుంచి రాయి ముక్కలు పట్టుకుపోయిన వాళ్లు, తర్వాత మనసు ఒప్పక, క్షమాపణ చీటీతో సహా వాటిని పోస్టులో తిప్పి పంపుతుంటారు. పార్కువాళ్లకు ఇలాంటి పార్సిళ్లు వస్తూనే ఉంటాయి. అయినా ఏ రాయి ఎక్కడిదో ఎవరు చెప్పగలరు?

పలావ్ అనే చిన్న ద్వీప దేశం ఇంకో దారి పట్టింది. 2017 చివరి నుంచి ఆ దేశంలో దిగేవాళ్ల పాస్‌పోర్టులో ఒక ప్రమాణం ముద్ర వేసి, దాని కింద సంతకం పెట్టిస్తున్నారు. ప్రకృతికి హాని చెయ్యనని అక్కడి పిల్లలకు మాట ఇవ్వడం అది. దాన్ని రాయడంలో పిల్లలూ సాయం చేశారు. పెద్దవాళ్లు మీలాంటి పిల్లలకు మాట ఇచ్చి సంతకం పెట్టడం నాకు భలే నచ్చింది. పగడాలకు హాని చేసే సన్‌స్క్రీన్‌లను కూడా ఆ దేశం 2020లో నిషేధించింది.

ఇక జంతువులు. ముద్దొచ్చి కోతికి బిస్కెట్ ఇస్తాం. మర్నాటికి అది బ్యాగులో తిండి ఉంటుందని నేర్చుకుంటుంది, ఆ తర్వాత జిప్ లాగడం నేర్చుకుంటుంది. ఇవ్వనివాళ్ల మీద పడి కరుస్తుంది. అప్పుడు దాన్ని పట్టి బోనులో పెడతారు. తప్పు ఎవరిది, శిక్ష ఎవరికి?

మనుషుల దగ్గరైతే పని ఇంకా సులువు, నోరు తెరిచి అడగొచ్చు. ఫోటో తీసే ముందు అడగండి. వద్దంటే నవ్వేసి ఫోన్ జేబులో పెట్టుకోండి. పూజా స్థలాల్లో ఎలా ఉండాలో, ఏం తొడుక్కోవాలో కూడా అడిగి తెలుసుకోవచ్చు, సిగ్గుపడాల్సిన పని లేదు.

ఒక మాట అమ్మానాన్నలకు కూడా చెప్పండి. ప్రపంచం గాల్లోకి వదిలే, భూమిని వేడెక్కించే వాయువుల్లో సుమారు 8 శాతం పర్యాటకానివేనని 2018లో వచ్చిన ఒక అధ్యయనం లెక్క తేల్చింది. అందులో విమానాల వాటా తక్కువేం కాదు. రైల్లో వెళ్లగలిగే చోటికి రైల్లోనే వెళ్లండి. మూడు ఊళ్లు హడావుడిగా చుట్టి వచ్చే బదులు ఒకే ఊళ్లో నాలుగు రోజులుంటే ఖర్చూ తగ్గుతుంది, ఆ ఊరివాళ్లతో నాలుగు మాటలు మాట్లాడే తీరికా దొరుకుతుంది. ఊరివాళ్లు నడిపే బసలో ఉండి, అక్కడి మనిషినే గైడ్‌గా పెట్టుకుంటే మీ డబ్బులు కొన్నైనా వాళ్ల ఇళ్లకు చేరతాయి.

టికెట్లు ఇంకా బుక్ కాకపోతే, ఈ రాత్రి భోజనాల దగ్గరే ఆ రైలు మాట ఎత్తండి.

మీ
తాతయ్య