నట్టు బిగిసిందని చేతికెలా తెలుస్తుంది?

కారు చక్రం నట్టు బిగిస్తుంటే లోపల స్టడ్డు, అంటే నట్టు ఎక్కే మర కడ్డీ, రవ్వంత సాగుతుంది. సాగిన ఉక్కు వెనక్కి లాగుతూ ఉంటుంది. చక్రాన్ని హబ్‌కు (చక్రం కూర్చునే ఇరుసు చివరి భాగానికి) అదిమి పట్టేదీ, నట్టు వదులు కాకుండా చూసేదీ ఆ లాగుడే. పానాతో మనం ఇచ్చేది మాత్రం తిప్పే బలం, అంటే టార్క్.

ఆ టార్క్‌లో సుమారు సగం నట్టు అడుగున రాపిడికే ఖర్చవుతుంది. మరో 40 శాతం మరల్లో పోతుంది. స్టడ్డును సాగదీయడానికి మిగిలేది పదోవంతే. మరలు పొడిగా ఉన్న 12 మి.మీ. స్టడ్డుకు 100 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తే దాదాపు 4 టన్నుల లాగుడు వస్తుంది. గ్రీజు పూశారా, అదే టార్క్‌కు 5 టన్నులు దాటిపోవచ్చు. తుప్పు పట్టిన మరలైతే లాగుడు తక్కువే, చేతికి మాత్రం రాయిలా బిగిసినట్టు ఉంటుంది. ఈ విషయంలో టార్క్ రెంచ్ (పెట్టిన టార్క్ రాగానే క్లిక్‌మనే పానా) కూడా మోసపోతుంది. అందుకే నూనె రాయమని మాన్యువల్ చెబితే తప్ప, మరల్ని వైర్ బ్రష్‌తో రుద్ది పొడిగానే బిగించాలి.

చేతి అంచనాను తప్పుదారి పట్టించే ఇంకో సంగతి పానా పొడవు. 25 సెం.మీ. పానా చివర 40 కిలోల బలం పెడితే సుమారు 98 న్యూటన్ మీటర్లు. చాలా చిన్న కార్ల చక్రాలకు 85 నుంచి 110 లోపు చాలు. మీ బండి అంకె మాన్యువల్లో ఉంటుంది. 70 కిలోల మనిషి అదే పానా మీద ఎక్కి నిలబడితే 170 దాటుతుంది. పంక్చర్ షాపులో ఎయిర్ గన్ ఆగకుండా కొట్టినా అంతే: స్టడ్డు శాశ్వతంగా సాగిపోవచ్చు, హెచ్చుతగ్గుల బిగింపుకు బ్రేక్ డిస్క్ వంకర పోవచ్చు. స్టెప్నీ మార్చాల్సిన రోజు ఆ నట్టు ఊడకపోవడం సరేసరి.

నట్లన్నీ ముందు వేళ్లతోనే ఎక్కించాలి. ఏటవాలు అంచు చక్రం వైపు ఉండాలి. ఒకటి విడిచి ఒకటిగా, నక్షత్రం గీసినట్టు, సగం బలంతో బిగించి జాకీ దించాక అదే వరుసలో పూర్తి టార్క్ ఇవ్వాలి. రెంచ్ ఒక్కసారి క్లిక్‌మంటే చాలు, ‘ఇంకొంచెం’ అని మళ్లీ లాగకూడదు. 80, 100 కిలోమీటర్లు తిరిగాక మరోసారి చూడాలి.

నంబర్ ప్లేటుకూ మడ్‌గార్డుకూ చేతి లెక్క చాలు. అల్యూమినియంలోకి దిగే 6 మి.మీ. బోల్టుల దగ్గరే ప్రమాదం. వాటికి సుమారు 10 న్యూటన్ మీటర్లే చాలు. పొడవాటి రాచెట్ పానాతో నాలుగు కిలోల బలం పెడితేనే అంత వచ్చేస్తుంది. తిప్పుతున్నా బిగువు పెరగడం లేదంటే బోల్టు సాగుతోంది, లేదా మర ఊడొస్తోంది. అక్కడే ఆపాలి.

చాలా ఇంజిన్ల హెడ్ బోల్టులకు, అంటే ఇంజిన్ పైభాగాన్ని పట్టి ఉంచేవాటికి, టార్క్ ఒక్కటే సరిపోదు. ముందు కొంత టార్క్, ఆపైన 90 డిగ్రీలు తిప్పాలి, కొన్నింటికి ఇంకో 90. కోణం లెక్కలో రాపిడి ప్రమేయం బాగా తగ్గుతుంది. ఇలా సాగేదాకా బిగించే రకం బోల్టుల్ని విప్పితే కొత్తవే వేయాలి.