రియాల్టో వంతెన మీద జనం: 5 యూరోల రుసుము వెనక ఎనిమిది వందల ఏళ్ల కథ

2024 ఏప్రిల్ 25న ఇటలీలోని వెనిస్ నగరం ఓ కొత్త పద్ధతి మొదలుపెట్టింది. పొద్దున వచ్చి సాయంత్రానికి వెళ్లిపోయే యాత్రికులు ఊళ్లో అడుగుపెట్టాలంటే 5 యూరోలు కట్టాలి. ఫోన్‌లో క్యూఆర్ కోడ్ తీసుకుని, అడిగినచోట చూపించాలి. ఏడాదంతా కాదు, రద్దీ ఉంటుందనుకున్న 29 రోజులకే, అదీ ఉదయం ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం నాలుగింటి దాకా. ఒక ఊరు తనను చూడ్డానికి వచ్చేవాళ్ల దగ్గర ప్రవేశ రుసుము వసూలు చేయడం ప్రపంచమంతటా వార్త అయింది.

అలా వచ్చినవాళ్లు పోయేచోట్లు ప్రధానంగా రెండు. ఒకటి సాన్ మార్కో చౌక్, రెండోది రియాల్టో వంతెన. ఊరి ప్రధాన కాలువ గ్రాండ్ కెనాల్ మీద తెల్లరాతితో ఒంటి కమానుగా నిలిచిన ఆ వంతెన మెట్లెక్కి, దక్షిణం వైపు పిట్టగోడ దగ్గర నిలబడి, కాలువ మలుపు తిరిగేదాకా రెండు పక్కలా బారులు తీరిన భవనాలను చూడాలి, ఫోటో తీసుకోవాలి. వేసవి మధ్యాహ్నాల్లో ఆ పిట్టగోడ దగ్గర చోటు దొరకాలంటే ముందున్నవాళ్లు కదిలేదాకా ఆగాల్సిందే. ఇంతమందిని ఏం చేయాలన్న ప్రశ్న ఇప్పుడే పుట్టిందని చాలామంది అనుకుంటారు. కానీ ఈ వంతెన చరిత్రంతా ఆ ప్రశ్న చుట్టూనే నడిచింది.

అసలు ఇక్కడే వంతెన ఎందుకు వేశారంటే బజారు కోసం. వెనిస్ రాజకీయం సాన్ మార్కోలో ఉంటే, డబ్బు రియాల్టోలో ఉండేది. మిరియాలు, పట్టు, రత్నాలు, చేపలు, కూరగాయలు, హుండీలు (డబ్బు చెల్లింపు పత్రాలు), అప్పులు అన్నీ ఆ ఒక్క గట్టు మీదే చేతులు మారేవి. అక్కడున్న సాన్ జాకొమో గుడి గోడ మీద ఓ పాత శాసనం ఉంది: ఈ గుడి చుట్టుపక్కల వ్యాపారి న్యాయం తప్పకూడదు, తూకం మోసం కాకూడదు, ఒప్పందం బొంకు కాకూడదు అని. బజారు ఎంత పెద్దదో ఆ రాతను బట్టే అర్థమవుతుంది. అవతలి గట్టు నుంచి రోజూ వేలమంది పడవల మీద దాటి రావాల్సి వచ్చేది. 1181లో నికోలో బరత్తియేరి పడవలను పక్కపక్కన కట్టి వాటి మీద తేలే వంతెన వేశాడు. బజారు పెరిగింది, ఆ తేలే వంతెన చాలలేదు. 13వ శతాబ్దంలో దాని చోట చెక్క వంతెన వచ్చింది.

ఆ చెక్క వంతెన ఎలా ఉండేదో మనకు కళ్లకు కట్టినట్టు తెలుసు. 1490ల్లో విత్తోరె కర్పాచో వేసిన చిత్రం వెనిస్‌లోనే అకదేమియా గ్యాలరీలో ఉంది. రెండువైపులా ఏటవాలుగా పైకెక్కే చెక్క దారి, నడిమధ్యన పైకి లేపే పలకలు. తెరచాప కొయ్య ఎత్తుగా ఉన్న ఓడ వస్తే ఆ పలకలు పైకి లేచేవి, జనం ఆగేవాళ్లు. 15వ శతాబ్దంలో వంతెన మీద రెండు వరసల దుకాణాలు కట్టారు. వాటి అద్దె ప్రభుత్వ ఖజానాకు వెళ్లేది, దాంతోనే వంతెన మరమ్మతులు సాగేవి. దారి తన ఖర్చు తానే సంపాదించుకునే ఈ ఏర్పాటును గుర్తుపెట్టుకోవాలి.

చెక్క అన్నాక ప్రమాదాలు తప్పవు. 1310లో ప్రభుత్వం మీద బయమొంతె తియెపోలో చేసిన తిరుగుబాటు విఫలమై పారిపోతున్నప్పుడు వంతెన తగలబడింది. 1444లో ఫెర్రారా ప్రభువు పెళ్లి ఊరేగింపు పడవల మీద వస్తోందని జనం వంతెన మీదికి ఎగబడ్డారు. ఆ బరువుకు అది విరిగి కాలువలో పడింది. వ్యాపారం చేయడానికి, దాటడానికి వచ్చినవాళ్ల వల్ల కాదు, చూడ్డానికి ఎక్కినవాళ్ల వల్ల కూలింది. రాతి వంతెన కట్టడానికి దాదాపు 150 ఏళ్ల ముందే ఇది జరిగింది. మళ్లీ కట్టారు, 1524లో మళ్లీ కూలింది.

రాతితో కట్టాలన్న మాట 1503లోనే వచ్చినా ఆ శతాబ్దం చివరిదాకా పని ముందుకు సాగలేదు. కారణాల్లో మొదటిది మన సముద్రాల నుంచే వెళ్లింది. 1498లో వాస్కో డ గామా కాలికట్ చేరాడు. ఆ కబురు తెలిశాక వెనిస్ వ్యాపారులు బెంబేలెత్తిపోయారు. ఎర్ర సముద్రం, అలెగ్జాండ్రియా మీదుగా వచ్చే మిరియాలే కదా వాళ్ల ఐశ్వర్యం. జిరోలమో ప్రియూలి అనే బ్యాంకరు తన డైరీలో ఇక వెనిస్ పని అయిపోయినట్టేనని గోడు వెళ్లబోసుకున్నాడు. ఆ తర్వాత యూరప్ రాజులంతా కూడి చేసిన యుద్ధం, 1514లో రియాల్టో బజారును బుగ్గి చేసిన అగ్నిప్రమాదం, 1570ల్లో సైప్రస్ చేజారడం, వెంటనే 1575–77 ప్లేగు. జనాభాలో నాలుగో వంతుకు పైగా ఆ మహమ్మారి తుడిచిపెట్టింది. ఇన్ని దెబ్బల మధ్య వంతెన గురించి ఆలోచించే తీరిక ఎవరికి ఉంటుంది?

అయినా వ్యాపారం చావలేదు. తెలుగువాళ్లకు ఆసక్తి కలిగించే ఒక సాక్ష్యం ఇక్కడ చెప్పాలి. చేసరె ఫెదెరిచి అనే వెనిస్ రత్నాల వ్యాపారి 1563లో ఇంటి నుంచి బయల్దేరి తూర్పు దేశాలన్నీ తిరిగాడు. తళ్లికోట యుద్ధం జరిగిన రెండేళ్లకు, 1567లో విజయనగరం చేరి నెలల తరబడి ఉన్నాడు. ఇళ్లు నిలబడే ఉన్నాయి గానీ ఖాళీగా ఉన్నాయని, వాటిలో పులులు, అడవి మృగాలు తిరుగుతున్నాయని చెప్పుకుంటున్నారని రాశాడు. 1581లో వెనిస్ తిరిగి వెళ్లాడు, అతని యాత్రా వృత్తాంతం 1587లో అక్కడే అచ్చయింది. రాతి వంతెన కట్టాలని వెనిస్ సెనేట్ తీర్మానించింది కూడా ఆ 1587లోనే. అదే ఏడాది రియాల్టోలో ప్రభుత్వ బ్యాంకు కూడా తెరిచారు. దక్కన్ వజ్రాలు చేతులు మారిన కంసాలి వీధి ఇప్పటికీ వంతెన దిగగానే పడమటి గట్టున ఉంది. మన నేల రాళ్లు ఆ దారిన పోయాయని తలుచుకుంటే ఆ వంతెన మనకు పూర్తిగా పరాయిదిగా అనిపించదు.

నమూనాల విషయంలో జరిగిన రచ్చ చిన్నది కాదు. 1551 నుంచే ప్రభుత్వం నమూనాలు అడుగుతోంది. సన్సోవినో, విన్యోలా లాంటి పెద్ద వాస్తుశిల్పులు బరిలో దిగారు. పల్లాడియో గీసిన నమూనా మూడు కమానులతో, స్తంభాల మండపాలతో, విగ్రహాలతో అచ్చం రోమన్ వైభవంలా ఉంటుంది. కాగితం మీద అది మహా అందం. చిక్కల్లా నీళ్లలో నిలబెట్టే స్తంభాలతోనే. గ్రాండ్ కెనాల్ అంటే ఊరి రాజబాట, దాని నడుమ స్తంభాలు వేస్తే పడవలు ఎటు పోవాలి? చివరి దశలోనూ ముగ్గురు అధికారుల మధ్య ఇదే తగువు. మార్కంతోనియో బార్బరో మూడు కమానులు కావాలన్నాడు, అల్విసె జోర్జి ఒకటే చాలన్నాడు. ఒకటే గెలిచింది.

ఆ పని ఆంటోనియో ద పోంతెకు దక్కింది. అప్పటికి ఆయనకు 75 దాటాయి. ప్రసిద్ధ వాస్తుశిల్పి కాదు, ప్రభుత్వ కొలువులో పనిచేసిన మేస్త్రీ లాంటివాడు. 1577లో డోజ్ (వెనిస్ పాలకుడు) రాజభవనం కాలిపోయినప్పుడు, పడగొట్టి కొత్తగా కడదామన్న పెద్దల మాట కాదని, ఉన్నదాన్ని నిలబెట్టి చూపించిన ఘనత ఆయనది. ఆ అనుభవమే ఇక్కడ అక్కరకొచ్చిందని నా నమ్మకం. వెనిస్ నేల అంటే బురద. ఒంటి కమాను బరువు కిందికి మాత్రమే కాదు, పక్కలకు కూడా తోస్తుంది. రెండు గట్లనూ విడదీయాలని చూస్తుంది. అందుకని ఒక్కో గట్టున దాదాపు 6,000 చొప్పున, మొత్తం 12,000 చెట్టు మొద్దులను బురదలోకి దిగ్గొట్టించాడు. అన్నిటినీ ఒకే మట్టానికి దించలేదు. పక్కనున్న ఇళ్ల పునాదులు కదలకుండా మెట్లు మెట్లుగా, కాలువ దగ్గర లోతుగా, వెనక్కి పోయేకొద్దీ పైకి వేయించాడు. వాటి మీద పేర్చిన రాతి వరసలను సమతలంగా కాక, కమాను తోపుడుకు ఎదురొడ్డేలా వాలుగా పేర్చాడు. నీటి కింద గాలి తగలని బురదలో కలప అంత తొందరగా పాడవదు, పై బరువంతా ఈనాటికీ ఆ మొద్దులే మోస్తున్నాయి.

పని మధ్యలోనే మొద్దులు పొట్టివని, పునాది చాలదని ఫిర్యాదులొచ్చాయి, విచారణ జరిగింది. విన్చెంజో స్కమోజ్జి అనే పేరున్న వాస్తుశిల్పి ఇది కూలిపోక తప్పదన్నాడు. 1591లో వంతెన పూర్తయింది. 28.8 మీటర్ల కమాను, 22 మీటర్లకు పైగా వెడల్పు, ఇస్ట్రియా తీరం నుంచి తెచ్చిన తెల్లరాయి. నాలుగు శతాబ్దాలు దాటినా అలాగే ఉంది.

ఆ వంతెన మీద నడిచి చూస్తే దాని అసలు ఉద్దేశం తెలుస్తుంది. మూడు దారులున్నాయి. నడిమి దారి వెడల్పు, అటూ ఇటూ దుకాణాల వరసలు దాని వైపే తెరుచుకుంటాయి. బయటి రెండు దారులు ఇరుకు, ఒకపక్క దుకాణాల వీపులు, మరోపక్క పిట్టగోడ. అంటే ఈనాడు లోకమంతా ఫోటో తీసుకునే ఆ దృశ్యం, కట్టినవాళ్ల లెక్కలో దుకాణాల పెరటివైపు. దక్షిణం వైపు కనిపించే గట్ల పేర్లు వైన్ గట్టు, ఇనుము గట్టు, బొగ్గు గట్టు. అక్కడ దిగిన సరుకు పేర్లే అవి. ఉత్తరాన కమెర్లెంగి భవనం ఖజానా అధికారుల కార్యాలయం, కింది అంతస్తులో అప్పు తీర్చనివాళ్ల జైలు. దానికి ఎదుటి గట్టున ఫోందకో దెయ్ తెదెస్కి జర్మన్ వ్యాపారుల విడిది, గోదాము. ఇప్పుడు మనం అందమని మురిసిపోయేదంతా ఒకప్పటి పనిచోటు.

ఆ పనిచోటు దృశ్యంగా మారింది 18వ శతాబ్దంలో. వ్యాపారం సన్నగిల్లిన ఊరికి ఇంగ్లండ్ ధనవంతుల పిల్లలు చదువు యాత్రకు రావడం మొదలుపెట్టారు. కనలెత్తో లాంటి చిత్రకారులు రియాల్టో దృశ్యాలు గీసి వాళ్లకు అమ్మారు. 1797లో నెపోలియన్ చేతిలో వెనిస్ రిపబ్లిక్ అంతరించింది. 1846లో సముద్రం మీదుగా రైలు వంతెన వచ్చి ఊరిని నేలతో కలిపింది, యాత్రికుల సంఖ్య మారిపోయింది. 1854లో అకదేమియా దగ్గర మరో వంతెన పడేదాకా గ్రాండ్ కెనాల్‌ను నడిచి దాటే దారి రియాల్టో ఒక్కటే. ఇప్పుడు నాలుగున్నాయి, అయినా జనం దీన్నే వెతుక్కుంటూ వస్తారు.

గత పాతికేళ్ల కథ తొందరగా చెప్పేయొచ్చు. వంతెనకు చరిత్రలోనే తొలి భారీ మరమ్మతు 2016లో ముగిసింది. ఖర్చు 50 లక్షల యూరోలు, పెట్టింది ఒక జీన్స్ వ్యాపార సామ్రాజ్యం అధిపతి. దుకాణాల అద్దెతో తన బాగు తాను చూసుకున్న వంతెన దాత కోసం ఎదురుచూడాల్సి వచ్చింది. జర్మన్ వ్యాపారుల విడిది మొదట పోస్టాఫీసు అయ్యింది, 2016లో ఖరీదైన సరుకుల మాల్ అయ్యింది, 2025లో అదీ మూతపడింది. 2021లో పెద్ద క్రూయిజ్ ఓడలను ఊరి మధ్య కాలువలోకి రాకుండా నిషేధించారు. 2023లో వెనిస్‌ను యునెస్కో ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల జాబితాలో చేర్చాలని సిఫారసు వచ్చింది గానీ చేర్చలేదు. 2024లో గుంపుకు 25 మందికి మించకూడదని, గైడ్లు లౌడ్‌స్పీకర్లు వాడకూడదని నిబంధన పెట్టారు.

వీటన్నిటికన్నా నన్ను కలచివేసేది వేరే ఉంది. వంతెన దిగి తూర్పు గట్టున నాలుగు అడుగులు వేస్తే సాన్ బర్తొలొమియో చౌక్ వస్తుంది. అక్కడ ఒక మందుల షాపు అద్దాల వెనక ఎర్ర అంకెల బోర్డు ఉంటుంది. ఆ పాత ద్వీప నగరంలో ఇంకా కాపురముంటున్నవాళ్లు ఎంతమందో అది చూపిస్తుంది. 2008లో పెట్టినప్పుడు దాదాపు 60,000. 2022 ఆగస్టులో 50,000 కన్నా కిందికి దిగింది. 1951లో ఆ సంఖ్య 1,75,000. 2023లో యాత్రికుల కోసం ఉన్న మంచాల సంఖ్య నివాసుల సంఖ్యను దాటిపోయిందని ఓచో అనే పౌర బృందం లెక్క తేల్చింది. పడమటి గట్టున 1907లో కట్టిన చేపల మండపంలో పొద్దున్నే చేపలు కొనుక్కునే ఇల్లాలు తగ్గిపోతే, ఆ మండపం కూడా ఫోటోకే మిగులుతుంది.

మరి రుసుము వల్ల ఏమైంది? 2024లో దాదాపు 4,85,000 మంది కట్టారు, 24 లక్షల యూరోలు వచ్చాయి. 2025లో రోజులను 54కు పెంచి, ఆలస్యంగా బుక్ చేసుకునేవాళ్లకు 10 యూరోలు చేశారు. దాదాపు 7,20,000 మంది కట్టారు, 54 లక్షల యూరోలు వచ్చాయి. ఖజానా నిండింది గానీ, రద్దీ తగ్గలేదని నగర కౌన్సిల్‌లో ప్రతిపక్షం మొదటినుంచీ అంటోంది. మొదటి రోజే స్థానికులు రోడ్డెక్కి, ఇది ఊరు, మ్యూజియం కాదు అని నినదించారు. వాళ్ల కోపం న్యాయమైనదే. ఈ రుసుము రాత్రి బస చేసేవాళ్లకు వర్తించదు, వాళ్లు హోటల్ పన్ను వేరే కడతారు కాబట్టి. కానీ ఇళ్లు ఖాళీ అయ్యేది పగటి యాత్రికుల వల్ల కాదు, ఆ రాత్రి బసల వల్లే. నెల అద్దెకన్నా వారం అద్దె ఎక్కువ లాభమైనప్పుడు ఇంటి యజమాని స్థానికుడికి ఎందుకు ఇస్తాడు? యాత్రికుల అద్దె ఇళ్లకు పరిమితి పెట్టే అధికారాన్ని 2022లో ఇటలీ పార్లమెంటు వెనిస్‌కు ప్రత్యేకంగా ఇచ్చింది. దాన్ని గట్టిగా వాడాలని నివాసుల సంఘాలు అడుగుతూనే ఉన్నాయి. నా దృష్టిలో 5 యూరోలను 10 చేయడం కన్నా ముందు జరగాల్సిన పని అదే. రుసుముగా వచ్చిన సొమ్ములో మొదటి వాటా స్థానికుల ఇళ్లకు, ఆ చేపల బజారుకు వెళ్లాలి.