పాత వంతెన మీద నాలుగైదు సెంటీమీటర్లు

స్విట్జర్లాండ్‌లో జెనీవా సరస్సు ఒడ్డున, షియోన్ కోట పక్కనే, కొండవాలు వెంబడి జంట వంతెనలు సాగుతాయి. పొడవు రెండు కిలోమీటర్ల పైమాటే. 1960ల చివర్లో కట్టారు. తర్వాత మరమ్మతు చేయబోతే, జబ్బు కాంక్రీటు లోపలే ఉందని తేలింది. కంకరలోని సిలికా, సిమెంటులోని క్షారాలు కలిసి జిగురులాంటి పదార్థంగా మారుతున్నాయి. అది నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, కాంక్రీటును లోపల్నుంచి పగలగొడుతుంది. అంటే అసలు శత్రువు నీరే.

కూలగొట్టలేదు. 2014, 2015ల్లో ఆ వంతెనల పైభాగాన చువ్వలు అమర్చి, నాలుగైదు సెంటీమీటర్ల మందాన అత్యంత దృఢమైన కాంక్రీటు పరిచారు. ఆ పొర నీటిని ఆపింది, స్లాబు బలాన్నీ పెంచింది. ఒకే పూతతో రెండు పనులూ జరగడమే నన్ను బాగా ఆకట్టుకున్న సంగతి.

ఈ కాంక్రీటులో మామూలు కంకర ఉండదు. సిమెంటు మామూలుకన్నా రెట్టింపు, ఇంకా ఎక్కువే. దాంతోపాటు సన్నని ఇసుక, సిమెంటు రేణువుల మధ్య సందుల్లోకి దూరిపోయే సిలికా ఫ్యూమ్ అనే అతి సన్నని పొడి ఉంటాయి. నీరు సిమెంటు బరువులో సుమారు ఐదో వంతే. అంత తక్కువ నీటితోనూ మిశ్రమం జారేలా చేసేది సూపర్‌ప్లాస్టిసైజర్ అనే రసాయనం. నీరు తక్కువైతే గట్టిపడ్డాక మిగిలే సూక్ష్మరంధ్రాలూ తక్కువే. అందుకే నీళ్లు, ఉప్పు లోపలి చువ్వల దాకా చేరడం చాలా కష్టం. మన ఇళ్ల కాంక్రీటు 20, 25 మెగాపాస్కల్స్ ఒత్తిడి తట్టుకునేది. ఇది 150 దాకా, కొన్నిసార్లు ఆపైనా తట్టుకుంటుంది. కానీ అంత గట్టి పదార్థం పెళుసుగా విరుగుతుంది. అందుకే వెంట్రుకకన్నా కాస్త లావుగా, సెంటీమీటరు పైచిలుకు పొడవుండే ఉక్కు పోగులు కలుపుతారు. పగులు మొదలైతే ఆ పోగులే రెండంచులనూ పట్టి ఉంచుతాయి.

అయితే మరమ్మతు నిలిచేదీ పోయేదీ పాతకూ కొత్తకూ మధ్య అతుకు దగ్గరే. నునుపైన పాత కాంక్రీటు మీద పోస్తే కొత్త పొర గట్టిపడుతూ కుంచించుకుపోయి ఊడొస్తుంది. అందుకే ముందు తీవ్రమైన నీటి ధారతో పై పొరను చెక్కి గరుకు చేస్తారు. తర్వాత పాత కాంక్రీటును తడిపి ఉంచుతారు, పైన మాత్రం నీళ్లు నిలవనివ్వరు. పొడిగా వదిలేస్తే, అసలే తక్కువగా ఉన్న నీటిని అది పీల్చేస్తుంది. పోసిన వెంటనే తేమ ఆరిపోకుండా కప్పాలి.

ఇది ఖరీదైన పదార్థం. అందుకే నీరూ ఉప్పూ తగిలే చోట, బలం చాలని చోట మాత్రమే పలుచగా వాడతారు. మన ఇంటి స్లాబు పెచ్చులూడితే దీని అవసరం దాదాపు రాదు. పైనుంచి కారే నీటిని ముందు ఆపి, చువ్వల తుప్పు పూర్తిగా గీకి, తగిన మరమ్మతు మోర్టార్‌తో పూడ్చాలి. తుప్పు మీదే ప్లాస్టరింగ్ చేయిస్తే పెచ్చులు మళ్లీ లేస్తాయి.