రాగిరేకు మీద ముఖాలు

ప్రియమైన పిల్లలూ,

ఇంగ్లిషు వాచకంలో షేక్‌స్పియర్ బొమ్మ చూసి, "ఫోటోలు లేని రోజుల్లో ఈయన ముఖం ఎలా తెలిసింది తాతయ్యా?" అని అడిగారు. ఫోనులో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే రాస్తున్నాను.

ముందు మీ నాన్నను అడిగి కొత్త 500 రూపాయల నోటు తీసుకోండి. కళ్లు మూసుకుని గాంధీ గారి బొమ్మ మీద వేలితో మెల్లగా తడమండి. గరుకుగా తగిలేది కాగితం మీద ఉబ్బెత్తుగా నిలిచిన సిరా. ఆనాటి మనుషుల ముఖాల బొమ్మలు కూడా చాలావరకు ఈ పద్ధతిలోనే అచ్చయ్యేవి.

నున్నటి రాగిరేకు మీద బ్యూరిన్ అనే సన్నటి ఉలితో గీతలు చెక్కుతారు. దాని పిడి గుండ్రంగా ఉండి అరచేతిలో ఒదుగుతుంది. వంపు గీత కావాలంటే తిప్పేది ఉలిని కాదు, ఇసుక నింపిన తోలుదిండు మీద ఉన్న రేకును! తరువాత రేకంతా సిరా పూసి, పైపైన తుడిచేస్తారు. గాడుల్లో మాత్రం సిరా మిగులుతుంది. తడి కాగితం పరిచి, రోలర్ల మధ్య గట్టిగా నొక్కితే కాగితం ఆ సిరాను పైకి లాగుతుంది. కుడి ఎడమలు తారుమారవుతాయి కనుక చెక్కేవాడు ముఖాన్ని తిరగేసి చెక్కాలి, కింద పేరు కూడా అంతే.

ఈ పనిలో ఒక మొండివాడున్నాడు. ఫ్రాన్సుకు చెందిన క్లోద్ మెలాన్ 1649లో క్రీస్తు ముఖాన్ని ఒకే ఒక్క గీతతో చెక్కాడు. ముక్కు కొన దగ్గర మొదలై చుట్లు చుట్లుగా తిరిగే గీత అది. నీడ కావలసిన చోట లావెక్కుతుంది, వెలుగు పడేచోట సన్నబడుతుంది. కళ్లు, గడ్డం, ముళ్లకిరీటం అన్నీ అందులోనే. గొప్ప విద్యే, కాదనను, కానీ నాకు అందులో కాస్త గారడీ కూడా కనిపిస్తుంది.

ఇక మీ షేక్‌స్పియర్ సంగతి. ఆయన 1616లో పోయాడు. మార్టిన్ ద్రూషౌట్ చెక్కిన ఈ బొమ్మ 1623లో, ఆయన నాటకాల సంపుటిలో వచ్చింది. అంటే అచ్చయ్యేనాటికి మనిషి లేడు. తల ఒక చోట, ఒళ్లు ఒక చోట చేసి అతికించినట్టు ఉందని మీకు అనిపిస్తే తప్పు మీ కళ్లది కాదు. అయినా కొట్టిపారేయలేం. ఆయనను ఎరిగిన సాటి నాటకకర్త బెన్ జాన్సన్ ఎదురు పేజీలో పద్యం రాస్తూ, ముఖం బాగా కుదిరిందన్నాడు. బొమ్మను కాదు, పుస్తకాన్ని చూడమని కూడా అన్నాడనుకోండి.

అచ్చు మొదలయ్యాక కూడా ఆ రేకును దిద్దారు. మొదటి ప్రతుల్లో కాలరు మీద లేని నీడ తరువాతి వాటిలో కనిపిస్తుంది. రాగిలో ఇది మామూలే: గీతలను గీకి, వెనకనుంచి సుత్తితో కొట్టి మట్టం చేసి, మళ్లీ చెక్కవచ్చు. ఈ వీలును పియేర్ లొంబార్ అనే ఆయన ఎంత దూరం తీసుకెళ్లాడో చూడండి. గుర్రం మీద కూర్చున్న పాలకుడి బొమ్మ చెక్కాడు. ఒక ప్రతిలో ఆ ఒంటి మీద, రాజు పోయాక ఇంగ్లండును ఏలిన క్రామ్‌వెల్ తల ఉంటుంది. మరో ప్రతిలో అదే గుర్రం, అదే కవచం, తల మాత్రం ఇంగ్లండు రాజు మొదటి ఛార్లెస్‌ది, క్రామ్‌వెల్ పక్షం వాళ్లు 1649లో తల నరికించిన ఆ ఛార్లెస్‌దే! అసలు తలే లేని ప్రతి కూడా ఉంది.

కనుక ఇలాంటి బొమ్మ దొరికితే ముఖం సంగతి తరువాత, ముందు కింది అంచు చూడండి. సాధారణంగా ఎడమ మూల చిత్రం వేసినవాడి పేరు, కుడి మూల చెక్కినవాడి పేరు ఉంటాయి. ఆ ఇద్దరూ బతికిన సంవత్సరాలను బొమ్మలోని మనిషి సంవత్సరాల పక్కన రాసుకోండి. ఎవరు ఎవరిని చూసి ఉండగలరో, ఎవరు కేవలం ఊహించారో చాలావరకు అక్కడే తేలిపోతుంది.

ప్రేమతో,
తాతయ్య